ఆసుపత్రిలో ఆరు నవ్వులు

అరవై దాటినవారు నలుగురు ఒకచోట చేరితే వేదాంతం మాట్లాడుకొంటారని నేను ఉద్యోగంలో ఉన్న రోజులలో అనుకొనేవాణ్ణి. ఆ వయస్సు నాకే వచ్చిన తరువాత అసలు సంగతి తెలిసింది. మాట్లాడుకొనేది వేదాంతం కాదు, రక్తపరీక్ష కాగితాలు! పూర్వం "మీ అబ్బాయికి ఎన్ని మార్కులు?" అని అడిగిన నోటితోనే ఇప్పుడు "నీకు చక్కెర ఎంత?" అని అడుగుతున్నాము. అప్పుడు ఎక్కువ వస్తే సంతోషించేవాళ్ళం, ఇప్పుడు తక్కువ వస్తే సంతోషిస్తున్నాము. అంతే తేడా.

నంద్యాలలో మా ఇంటికి దగ్గరగా ఒక గుడి, గుడి ముందు వేపచెట్టు, దాని క్రింద ఒక రాతి అరుగు ఉన్నాయి. సాయంకాలం ఆరు గంటలకు అక్కడ మా గోష్ఠి మొదలవుతుంది. సభ్యులం నలుగురం. నేను తెలుగు అయ్యవారిని. లెక్కల సారు, డ్రిల్లు సారు నాతోబాటు పనిచేసి పదవీ విరమణ పొందినవారు. నాలుగవ సభ్యుడు మాత్రం ఆళ్లగడ్డలో ఉంటాడు. ఆయన శిల్పి. మేమంతా ఆచారి అని పిలుస్తాము. ఆళ్లగడ్డ శిల్పకళ భౌగోళిక గుర్తింపు పొందిన కళ. అక్కడ చెక్కిన దేవుళ్ళు ఎక్కడెక్కడి ఊళ్ళ గుడులకో ప్రయాణమై పోతుంటారు. నేను అక్కడ పనిచేసిన కాలంలో ఆచారి కుమారునికి తెలుగు చెప్పాను. ఆ పిల్లవానికి ఛందస్సు ఎంతకూ పట్టుబడలేదు గాని, వాని తండ్రితో స్నేహం మాత్రం నాకు గట్టిగా పట్టుబడింది.

నంద్యాల నుండి ఆళ్లగడ్డకు సుమారు 40 కిలోమీటర్లు. నెలకొకసారి శిరివెళ్ల మీదుగా బస్సులో ఆయన ఇక్కడికి రావడమో, మేము అక్కడికి పోవడమో జరుగుతుంది. తక్కిన రోజులలో లెక్కల సారు తన ఫోనును స్పీకరులో పెట్టి అరుగు నడుమ ఉంచుతాడు. విగ్రహాలు చెక్కే మనిషి ఆ విధంగా అశరీరవాణియై మా సభలో పాల్గొంటాడు.

మా సభకు ఒక నియమం ఉండేది. ఎవరికి ఏ జబ్బు చేసినా, ఎవరు ఏ ఆసుపత్రికి పోయివచ్చినా, ఆ కథను పదిమందీ నవ్వేటట్లు చెప్పాలి. ఏడుపు వినిపించినవాడు ఆనాటి టీ డబ్బులు ఇచ్చుకోవాలి. నియమం పెట్టింది నేనే.

భరతముని నాట్యశాస్త్రంలో హాస్యాన్ని ఆరు విధాలుగా విభజించాడు. స్మితం, హసితం, విహసితం, ఉపహసితం, అపహసితం, అతిహసితం. పళ్ళు కనబడకుండా నవ్వితే స్మితం. కొద్దిగా కనబడితే హసితం. మధురమైన ధ్వనితో కూడినది విహసితం. ముక్కుపుటాలు విప్పార్చి, తలా భుజాలూ వంచుకొని నవ్వేది ఉపహసితం. మొదటి రెండూ ఉత్తములకు, నడిమి రెండూ మధ్యములకు, చివరి రెండూ అధములకు అని ఆయన చేసిన పంపకం. పండిత శిక్షణలో ఈ పట్టిక వల్లె వేసినప్పుడు ఇది పరీక్షకు తప్ప మరెందుకు పనికివస్తుందో నాకు బోధపడలేదు. తీరా చూస్తే ఆసుపత్రి కథలకు పనికివచ్చింది. మా వయస్సులో పళ్ళు కనబడడమూ కనబడకపోవడమూ ఆనాడు కట్టుడుపళ్ళు పెట్టుకొన్నామా లేదా అన్నదానిమీద ఆధారపడి ఉంటుందనుకోండి, అది వేరు సంగతి.

ముందుగా నా కథే చెప్పుకొంటాను. చక్కెర పరీక్షకు పరగడుపున రమ్మన్నారు. ఏమీ తినవద్దన్నారు. నేను ఇంట్లో కాఫీ త్రాగి వెళ్ళాను. రక్తం తీసే అమ్మాయి "ఏమైనా తీసుకొన్నారా?" అని అడిగింది. "తినవద్దన్నారు గాని త్రాగవద్దనలేదు కదమ్మా! రెండూ వేరు ధాతువులు" అన్నాను. ఆ అమ్మాయి వ్యాకరణానికి లొంగలేదు. "తాతా, రేపు రా" అన్నది. మరునాడు పోయాను. రక్తం తీసుకొని, టిఫిను తిని రెండు గంటలకు మళ్ళీ రమ్మన్నది. ఎదురుగా ఉగ్గాని బజ్జీల బండి ఉన్నది. పరీక్ష అంటే బాగా సిద్ధపడి పోవడం నా అలవాటు. కనుక ఒక ప్లేటు ఉగ్గాని, నాలుగు మిరపకాయ బజ్జీలు, పైన రెండు మైసూరుపాకు ముక్కలు సిద్ధం చేసుకొన్నాను. ఫలితం 312. డాక్టరుగారు ఏమి తిన్నారని అడిగితే ఉన్నదున్నట్లు చెప్పాను. ఆయన కలం క్రింద పెట్టి, "సార్, పరీక్ష మీకా, మా యంత్రానికా?" అన్నాడు. అరుగు మీద ఈ కథకు విహసితం దక్కింది.

డ్రిల్లు సారు కథ అంతకంటె గొప్పది. దగ్గు తగ్గక ఛాతీకి ఎక్స్‌రే తీయించుకోవడానికి వెళ్ళాడు. "ఊపిరి బాగా పీల్చండి, బిగబట్టండి" అన్నాడు అక్కడి కుర్రవాడు. ఈయన బిగబట్టాడు. "వదలండి" అన్న మాట వినబడలేదు. ముప్పై ఏళ్ళు పిల్లలచేత సావధాన్, విశ్రామ్ చేయించిన మనిషి ఆజ్ఞ లేనిదే ఎట్లా వదులుతాడు? ముఖం కందగడ్డ అయిన తరువాత ఆ కుర్రవాడు పరుగున వచ్చి వీపు చరిచాడట. ఆ భంగిమను డ్రిల్లు సారు అరుగు మీద నిలబడి అభినయించి చూపినప్పుడు మేము ఉపహసితం దాటిపోయాము.

లెక్కల సారుకు విరేచనాలు పట్టుకొని ఒక రాత్రి సెలైను ఎక్కించారు. ఈయన పడుకొని బొట్లు లెక్కపెట్టాడు. నిమిషానికి 40 బొట్లు. మిల్లీలీటరుకు 20 బొట్లని నర్సమ్మను అడిగి తెలుసుకొన్నాడు. సీసాలో 500 మిల్లీలీటర్లు, అంటే 10,000 బొట్లు. భాగిస్తే 250 నిమిషాలు. "అమ్మా, సరిగ్గా 4 గంటల 10 నిమిషాలకు అయిపోతుంది" అని ప్రకటించాడు. "మీరు నిద్రపోండి సార్, మేము చూసుకొంటాము" అని ఆమె అన్నా వినక, తెల్లవారుదాకా కళ్ళు విప్పుకొని లెక్క సరిచూసుకొన్నాడట. రెండు నిమిషాలు తేడా వచ్చిందని ఆయనకు ఇప్పటికీ బాధే!

ఇక ఆచారి. ఆయనకు రెండు కళ్ళలోనూ శుక్లాలు వచ్చి ఆపరేషను జరిగింది. శిల్పులు విగ్రహమంతా చెక్కి, కళ్ళు మాత్రం చిట్టచివర తెరుస్తారు. దానికి నేత్రోన్మీలనం అని పేరు. "నేను ఎందరో దేవుళ్ళకు కండ్లు తెరిస్తి. నాకు తెరిచేదానికి నంద్యాలలో ఒక డాక్టరమ్మ పదైదు నిముషాలు పట్టుకొన్న్యాది. మంత్రం లేదు, నైవేద్యం లేదు, బిల్లు మాత్రం ఉండాది" అన్నాడు. నేను ఆయనకు ఒక సంగతి చెప్పాను. రెండవ ప్రపంచయుద్ధంలో విమానాల అద్దాలు పగిలి కొందరు చోదకుల కళ్ళలో ప్లాస్టిక్ పలుకులు దిగబడ్డాయి. ఆ పలుకులను కన్ను సహించి ఊరుకోవడం హెరాల్డ్ రిడ్లీ అనే ఆంగ్ల వైద్యుడు గమనించాడు. ఆ పదార్థంతోనే కటకం చేయించి 1949లో లండనులో ఒక రోగి కంటిలో మొట్టమొదట అమర్చాడు. ఆచారి శ్రద్ధగా విని, "వాళ్ళ అద్దం మర్యాదస్తురాలు అయ్యవారూ. మా కంట్లో పడే రాతిపలుకు ఒక్క పూటైనా ఊరుకుండదు" అన్నాడు.

ఇంతవరకూ నవ్వు. ఇక అసలు విషయానికి వస్తాను.

అది కార్తీకమాసం. చలి అప్పుడప్పుడే మొదలవుతున్నది. యథాప్రకారం ఆరు గంటలకు ఫోను అరుగు నడుమ కూర్చున్నది. ఆచారి అన్నాడు: "ఈ మధ్యాన్నం రాయి దొర్లిస్తా ఉంటే ఎదమింద ఎవరో ఇంకో రాయి పెట్టినట్లాయె సార్. మాకు రాయి కొత్తనా? పనికాడిది ఇంటిదాకా వచ్చిందిలే అనుకుంటి."

మేము నవ్వాము. "ఎన్ని కిలోలుంటుంది?" అని లెక్కల సారు అడిగాడు. "మంచి రాయైతే దాన్నీ చెక్కి అమ్మెయ్ ఆచారీ!" అని డ్రిల్లు సారు అన్నాడు. నేను ఊరుకొంటానా? పాదం తగిలి రాయి ఆడదైన కథ పురాణంలో ఉన్నది గాని, మగవాని గుండె రాయి కావడం మన ఆళ్లగడ్డలోనే చూస్తున్నామని ఒక చిన్న ఉపన్యాసం ఇచ్చాను. అందరి కంటె పొడుగు నాదే. ఆచారి కూడా నవ్వాడు. నవ్వు నడుమ దగ్గాడు. "చలికాలంలో ఈ చెమటేందో సామీ, వొళ్ళంతా తడిసిపోతా ఉంది. గ్యాసు అయ్యుంటాది, సోడా తాగినా" అన్నాడు. ఆ వెంటనే, "ఇది ఏడుపు కాదు, టీ డబ్బులు నేనీను" అన్నాడు. మళ్ళీ నవ్వాము.

రాత్రి మూడు గంటలకు ఆయన కుమారుడు, నా దగ్గర చదువుకొన్నవాడే, నాకు ఫోను చేశాడు. 108 వాహనంలో నాయనను నంద్యాలకు తెస్తున్నామని చెప్పాడు. ఆ పిల్లవాని గొంతులో యతి ప్రాసలు లేవు. మేము ముగ్గురం ఆసుపత్రికి చేరేసరికి ఆయనను లోపలికి తీసుకొనిపోయారు.

గుండెపోటు వచ్చి అప్పటికే పన్నెండు గంటలు దాటింది. రక్తనాళం మూసుకొన్న తరువాత గడిచే ప్రతి నిమిషానికీ గుండె కండరం కొంత చచ్చిపోతుందని, అందుకే మొదటి గంటలు అంత విలువైనవని పడుచు డాక్టరు చెప్పాడు. చక్కెర జబ్బు ఉన్నవారికి నరాలు మొద్దుబారి నొప్పి సరిగా తెలియకపోవచ్చునట. వట్టి బరువు, ఆయాసం, చల్లని చెమట, దవడకో ఎడమ చేతికో ప్రాకే లాగుడు, కడుపు పైభాగంలో మంట, ఇవే దాని భాష. "ఇంతసేపు ఎందుకు ఆగారు?" అని ఆయన అడిగాడు.

ఆచారి భార్య, మాకు వదినమ్మ వంటి మనిషి, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని చెప్పింది. "నొప్పి అనలేదు సార్. సాయంత్రం ఫోనులో సార్లతో నవ్వతా ఉండె. అంత నవ్వతా ఉంటే బాగానే ఉండాడనుకుంటి."

ఆమె మమ్మల్ని నిందించలేదు. మావైపు చూడనైనా లేదు. ఆ మాట మాత్రం నాకు ఇప్పటికీ వినబడుతూనే ఉన్నది.

తెల్లవారేదాకా మేము ముగ్గురం వరండాలో ఇనుపకుర్చీలలో కూర్చున్నాము. చాలాసేపు మాటలు లేవు. తరువాత లెక్కల సారు నేలచూపులు చూస్తూ అన్నాడు: "ఆ సెలైను రాత్రి నేను లెక్క సరిచూడడానికి మేలుకోలేదు సార్. నిద్రపోతే మళ్ళీ లేస్తానో లేదో అని భయమేసింది. బొట్లు లెక్కపెడితే బ్రతికి ఉన్నట్లు తెలుస్తుంది కదా అని లెక్కపెట్టినాను."

డ్రిల్లు సారు కొంతసేపటికి నోరు విప్పాడు. ఆ ఎక్స్‌రే కుర్రవాడు "వదలండి" అని రెండుసార్లు అన్నాడట. ఈయనకే వినబడలేదు. అంతకు ముందు వారం దగ్గులో రక్తపు చార కనబడింది. ఆ ఫిల్ములో ఏమి కనబడుతుందో అన్న భయంతోనే ఊపిరి ఆగిపోయింది. చివరకు ఏమీ లేదని తేలింది. కాని ఆ రక్తపు చార సంగతి ఇంట్లోనూ చెప్పలేదు, అరుగు మీదా చెప్పలేదు.

ఇక నా వంతు. కాఫీ నేను మరచి త్రాగలేదు. కావాలనే త్రాగాను, పరీక్ష ఒక రోజైనా వాయిదా పడుతుందని. మా నాయనకు చక్కెర జబ్బు కాలి బొటనవ్రేలి పుండుతో మొదలై మోకాలిదాకా వచ్చింది. ఆ కాలు తీసివేసిన తరువాత ఆయన ఎక్కువ కాలం లేడు. పరీక్షశాల మెట్లెక్కుతున్నప్పుడు నాకు కనబడింది ఆ కాలు. బజ్జీలు తినడం కూడా ధైర్యం కాదు, ఒక విధమైన తెగింపు.

మూడు కథలూ అరుగు మీద ఎన్నోసార్లు చెప్పుకొన్నవే. సగం సగం చెప్పుకొన్నాము. రెండవ సగం బయటపడడానికి నాలుగవవాడు లోపల మంచం మీద పడవలసివచ్చింది.

పదునాలుగవ శతాబ్దపు సాహిత్యదర్పణంలో విశ్వనాథుడు హాస్యానికి భయానకమూ కరుణమూ విరోధి రసాలని చెప్పాడు. విద్యార్థులకు నేనూ అట్లాగే చెప్పాను. ఆ వరండాలో కూర్చున్నప్పుడు అనిపించింది, ఆ మూడూ ఒకే మంచం మీద పడుకొని ఉంటాయని. దుప్పటి మాత్రం హాస్యం ఒక్కటే లాగుకొని కప్పుకొంటుంది, తక్కిన రెండూ కనబడకుండా. భరతుని పట్టికలో అయిదవ నవ్వు లక్షణం నేను పైన చెప్పకుండా దాటవేశాను. తగని చోట నవ్వే నవ్వు, కంట నీరు పెట్టించే నవ్వు అపహసితం. ఆ కార్తీక సాయంకాలం మేము నవ్వినది అదే. కంటనీరు మాత్రం తొమ్మిది గంటలు ఆలస్యంగా వచ్చింది.

ఆచారి బ్రతికాడు. స్టెంటు వేశారు. కాని గుండె కండరంలో కొంత భాగం పోయింది, అది తిరిగి రాదు. రాళ్ళు ఎత్తరాదని, పెద్ద సుత్తి పట్టరాదని ఆజ్ఞ. వార్డులోకి మార్చిన తరువాత ఆయనకు చేతి నుండి గుండెదాకా తీగె ఎట్లా పోయిందో ఆశ్చర్యం. అప్పుడు నేను చదివి తెలుసుకొన్న కథ ఒకటి చెప్పాను. 1929లో జర్మనీలో వెర్నర్ ఫోర్స్‌మన్ అనే పడుచు వైద్యునికి చేతి సిర గుండా గుండెలోనికి గొట్టం పంపవచ్చునన్న ఆలోచన వచ్చింది. పైవారు ఒప్పుకోలేదు. పరికరాలు నర్సు చేతిలో ఉన్నాయి. తనమీదనే ప్రయోగం జరగడానికి ఆమె ఒప్పుకొన్నది. ఈయన ఆమెను బల్లకు కట్టివేసి, ఆమె చూడకుండా తన చేతిలోనే గొట్టం దూర్చుకొన్నాడు. ఆ గొట్టంతోనే మెట్లు దిగి ఎక్స్‌రే గదికి నడిచిపోయి, అది గుండెను చేరినట్లు పటం తీయించుకొన్నాడు. మొదట చీవాట్లు, ఉద్యోగపు చిక్కులు, చివరకు 1956లో నోబెల్ బహుమానం. ఆ దారి వెంటనే 1977లో జూరిచ్‌లో ఆండ్రియాస్ గ్రుంట్‌జిగ్ మూసుకొన్న గుండె రక్తనాళాన్ని చిన్న బుడగతో తెరిచాడు.

ఆచారి అంతా విని, నీరసంగా అన్నాడు: "ఆ నర్సమ్మ పాపం, తనకే చేస్తాండారని పడుకొనుంటుంది గదా. మనిషి భయం ఎవరు చూస్తిరి?"

నేను చెప్పిన కథలో నేను చూడని మనిషిని ఆయన చూశాడు.

ఆచారి కోలుకొన్న తరువాత మా సభ నియమాన్ని సవరించుకొన్నాము. సవరణ ప్రతిపాదించింది లెక్కల సారు. ముందు నిజం, ఆ తరువాత నవ్వు. ఎక్కడ బరువు, ఎప్పటినుండి, చెమట పట్టిందా, మాత్ర వేసుకొన్నావా, ఇంట్లో చెప్పావా? ఇవి అయిన తరువాతనే కథ. టీ డబ్బులు ఇక ఏడ్చినవాడు ఇవ్వనక్కరలేదు. దాచినవాడు ఇవ్వాలి. గుండె మీద బరువు, చెమట అన్న మాటలు వినబడితే నవ్వడానికి ముందు 108కి ఫోను చేయాలి. 2005 ఆగస్టు 15న మన రాష్ట్రంలో మొదలైన ఆ సేవ నంబరు మా అందరికీ కంఠతా వచ్చు. మూడు అంకెలు కంఠతా వచ్చి ఏమి లాభం, మూడు నోళ్ళు నవ్వుతూ ఉంటే!

పోయిన నెలలో ఆళ్లగడ్డకు వెళ్ళాము. రాళ్ళు కోసే యంత్రం చప్పుడు, తెల్లని దుమ్ము, వీధి పొడుగునా సగం చెక్కిన దేవుళ్ళు. ఆచారి కుర్చీలో కూర్చొని ఉన్నాడు. కొడుకు నంది విగ్రహం ముగించి పక్కకు తప్పుకొన్నాడు. ఆచారి చిన్న ఉలి, అరచేతిలో ఇమిడే సుత్తి తీసుకొని నంది కన్ను గీత మీద రెండు మూడుసార్లు మెల్లగా తట్టాడు. "దీనికి బలమక్కరలేదు సార్. చూపుంటే చాలు. చూపు ఆ డాక్టరమ్మ ఇచ్చిందే" అన్నాడు. తరువాత సుత్తి ఒడిలో పెట్టుకొని కొంతసేపు ఊపిరి తీసుకొన్నాడు. వదినమ్మ నీళ్ళ చెంబు పట్టుకొని వెనుకనే నిలబడి ఉన్నది. ఆమె ఇప్పుడు ఆయన నవ్వును నమ్మదు, ఊపిరి చూస్తుంది.

ఇప్పుడు ఆరు గంటలకు ఫోను మ్రోగగానే మొదటి మాట ఇట్లా ఉంటుంది: "నిజం చెబుతాండా. బి.పి. 130 బై 80. మాత్రలు రెండూ వేసుకుంటి. మెట్లెక్కితే ఆయాసం ఉండాది, నిన్నటి మాదిరే. ఇంక నవ్వుదాం."

లెక్కల సారు లెక్క ప్రకారం ఈ నెలలో టీ డబ్బులు ఎక్కువసార్లు ఇచ్చుకొన్నవాణ్ణి నేనే. నియమాలు పెట్టేవారి సంగతి ఎప్పుడూ ఇంతే. మూడు నెలలకొకసారి చేయించుకోవలసిన రక్తపరీక్ష గడువు దాటి పదునొకండు రోజులైంది. నిన్న అరుగు మీద అడిగితే, వాన పడుతున్నది కదా అన్నాను. ముగ్గురూ నవ్వలేదు. ఫోనులోని మనిషి కూడా నవ్వలేదు.

రేపు పోతాను. కాఫీ త్రాగకుండా.